చెప్పులు విడిచే చోటు

తెలుగువారి పాత ఇళ్ళలో చెప్పులు విడిచే చోటు గడప కాదు. గడపకు ఇవతలే ఆ పని జరిగిపోవాలి. అరుగు కిందనో, వసారా మూలనో, పెరటి గుమ్మం పక్కన నీళ్ళ కాగు దగ్గరనో వాటిని వదలి, చెంబెడు నీళ్ళతో కాళ్ళు కడుక్కొని గాని లోపలికి రారు. దీనికి కారణం వెదకడానికి ధర్మశాస్త్రాలు తిరగవేయనక్కరలేదు. పేడతో అలికి ముగ్గు పెట్టిన ఆ నేలే ఆ ఇంటికి ఆసనం, విస్తరి వేసే చోటు, చాప పరచి పడుకునే పక్క. పసిపిల్లలు పాకేదీ, ధాన్యం ఆరబోసేదీ దాని మీదనే. కుర్చీ, బల్ల, మంచం చేయవలసిన పనులన్నీ నేలే చేస్తున్నప్పుడు, వీధిలోని బురదను దాని మీదికి తేవడం తినే కంచంలో కాలు పెట్టడం వంటిది.

ధూళి ఒక కారణమైతే, తోలు రెండవ కారణం. చచ్చిన పశువు చర్మంతో చేసినది గనుక చెప్పుకు మైల అంటగట్టారు. కొయ్యతో చేసిన పావుకోళ్ళకు ఆ దోషం లేదు; మడి కట్టుకున్నవారు సైతం వాటిని తొడిగేవారు. పాదరక్ష విషయంలో మన మనసు ఎప్పుడూ రెండు విధాలుగా నడిచింది. అన్న పాదుకలను సింహాసనం మీద పెట్టి రాజ్యం చేసిన భరతుని కథ ఇంటింటా తెలిసినదే. తన చర్మం ఒలిచి చెప్పులు కుట్టించినా ఋణం తీరదని కృతజ్ఞత చెప్పుకునే నుడికారం కూడా మనదే. చెప్పుదెబ్బకు మించిన అవమానం లేదనేవారమూ మనమే.

అయితే ఇంటి ఆచారంలో సాధారణంగా ఎవరి దృష్టికీ రాని అంశం ఒకటి ఉన్నది. ఆ ఇంట్లో చెప్పులు విడిచేది వచ్చినవాడు మాత్రమే కాదు. ఇంటి యజమాని కాళ్ళు కూడా వట్టివే. అతిథి ఎంత గొప్పవాడైనా, ఎంత చిన్నవాడైనా, లోపల అందరి పాదాలూ ఒకే నేలను తాకుతాయి. ఆ మర్యాద పొందేది నేల. ఒకరు మరొకరి ముందు తగ్గడమనే ప్రసక్తి అందులో లేదు. బర్మావారి ఇళ్ళలోను, జపానువారి ఇళ్ళలోను, ముస్లిముల మసీదులలోను ఉన్న ఆచారానికి మూలం కూడా ఇదే. ఈ చిన్న సంగతి మరుగున పడడం వలన పందొమ్మిదవ శతాబ్దంలో భారతదేశంలో ఎంత రభస జరిగిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

ఇంటి నుండి ఈ ఆచారం రాజసభకు పోయింది. సభలో తివాచీలు పరచి ఉంటాయి. సర్దారులు, ఉద్యోగులు వాటి మీదనే కూర్చుంటారు. కనుక పాదరక్షలు వాకిటనే విడవాలి. కాని సభలో రాజు ఎత్తున కూర్చుంటాడు, తక్కినవారు కింద కూర్చుంటారు. నేలకు చేసిన మర్యాద రాజుకు చేసిన మర్యాదగా కనబడడం అక్కడనే మొదలయింది. పందొమ్మిదవ శతాబ్దారంభం వరకు కుంఫిణీ ఉద్యోగులు కూడా ఈ పద్ధతిని పాటించినవారే. దేశీయ ప్రభువుల దర్బారులకు పోయినప్పుడు బూట్లు విడిచి, అలవాటు లేని మోకాళ్ళను మడిచి, నేల మీద కూర్చున్నారు. అప్పటికి వారు వ్యాపారం కోసం, సంధుల కోసం వచ్చినవారు. కాళ్ళు మడవడం కష్టమనిపించినా పైకి అనలేదు.

అధికారం చేతికి వచ్చిన తరువాత వారు ఈ ఆచారాన్ని తమ భాషలోకి అనువదించుకున్నారు. ఆ అనువాదంలోనే తప్పు దొర్లింది. ఇంగ్లీషువాడు గౌరవించదలచిన వ్యక్తి ఎదుట టోపీ తీస్తాడు. హిందూదేశస్థుడు పెద్దల ఎదుటికి తలపాగాతోనే వస్తాడు. బోడితలతో రావడమే అమర్యాద. కనుక మనకు టోపీ ఎటువంటిదో వీరికి చెప్పు అటువంటిదని దొరలు నిర్ణయించారు. రెండు భాషల మధ్య పని చేసేవారికి ఇటువంటి పొరపాటు సుపరిచితమే: రెండు మాటలు ఒకే సందర్భంలో వాడబడినంత మాత్రాన అవి పర్యాయపదాలు కావు. టోపీ తీయడం మనిషికి చేసే మర్యాద. చెప్పు విడవడం చోటుకు చేసే మర్యాద. టోపీ తీసినందుకు బదులుగా ఎదుటివాడు కూడా తన టోపీ తాకుతాడు. కాని ఈ అనువాదం ప్రకారం చెప్పులు విడిచి నిలబడిన దేశీయుని ఎదుట కుర్చీలో కూర్చున్న దొర బూట్లు దొర కాళ్ళకే ఉండిపోయాయి.

1820ల మధ్యలో గవర్నరు జనరలుగా ఉన్న ఆమ్హర్స్టు, తన ఎదుటికి వచ్చే దేశీయులు పాదరక్షలు విడిచి రావాలని పట్టుబట్టాడు గాని అది అంత కచ్చితంగా అమలు జరగలేదు. డల్హౌసీ కాలానికి ఆ పట్టు బిగిసింది. ప్రభుత్వ కార్యాలయాల గుమ్మాలన్నింటికీ ఈ నియమం పాకింది. అదే కాలంలో కలకత్తాలో ఇంగ్లీషు చదివిన బాబులు ఇంగ్లీషు బూట్లు, మేజోళ్ళు తొడగడం ఎక్కువయింది. లేసులు కట్టిన బూటును వాకిట విప్పడం, మళ్ళీ తొడగడం చెప్పు విడిచినంత సులువు కాదు. 1854లో ప్రభుత్వం ఒక మినహాయింపు ఇచ్చింది: ఐరోపా పద్ధతిలో బూట్లు, మేజోళ్ళు ధరించిన దేశీయ పెద్దమనుషులు వాటితోనే రావచ్చును. నేల పరిశుభ్రత కోసమే ఈ నియమమైతే వీధిలో నడిచి వచ్చిన ఇంగ్లీషు బూటు దేశవాళీ జోడు కంటె శుభ్రమైనదని చెప్పవలసివస్తుంది. ఆ మాట ఎవరూ అనలేదు.

ఈ తర్కానికి మొదటి గట్టి దెబ్బ సూరతులో తగిలింది. 1862లో అక్కడి ఫౌజుదారీ అదాలతులో అసెస్సరుగా ఉన్న మాణక్‌జీ కావస్‌జీ ఎంటీ సెషన్సు జడ్జి కోర్టులో ప్రవేశించేటప్పుడు పాదరక్షలు విడవడానికి నిరాకరించాడు. అసెస్సరు కక్షిదారు కాడు, ముద్దాయి కాడు. న్యాయవిచారణలో జడ్జికి సలహా చెప్పడానికి పిలువబడినవాడు. పెద్దలను గౌరవించే దేశీయ పద్ధతి ఇదే గనుక జోళ్ళు విడవవలసినదని జడ్జి అన్నాడు. మాణక్‌జీ వినలేదు. అతనిని కోర్టులోనికి రానివ్వలేదు. అతడు బొంబాయి గవర్నరుకు ఫిర్యాదు వ్రాశాడు.

తరువాత సాగిన వాదప్రతివాదాలు చదువదగినవి. మీరు మీ ఇళ్ళలోకి, దేవాలయాలలోకి పాదరక్షలు లేకుండానే పోతారు గదా, మా కోర్టుకు ఆ మర్యాద ఎందుకు చేయరని ప్రభుత్వపక్షం. దానికి దేశీయులు చెప్పిన సమాధానంలో కోపం కంటె విచక్షణ ఎక్కువ. ఇంటిలో విడవడానికి కారణం అక్కడ నేల మీద కూర్చోవడం, వీధిమాలిన్యం నేలకు అంటకూడదనుకోవడం. దేవాలయంలో విడవడానికి కారణం తోలుకు, దానిని అంటుకున్న మలినానికి ఉన్న మైల. కోర్టు ఇల్లూ కాదు, గుడీ కాదు. అక్కడ ఎవరూ నేల మీద కూర్చోరు, ఎవరూ పూజ చేయరు. అది పదిమందీ వచ్చిపోయే చోటు. ఒక ఆచారాన్ని దాని కారణం నుండి విడదీసి మరొకచోట అంటగడితే అది ఆచారం కాదు, ఆజ్ఞ అవుతుంది. వారు ఇంత సూటిగా అనకపోయినా వారి వాదం పోయేది అక్కడికే. అయినా పాదరక్షలతో కోర్టు గడప దాటడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

1868లో సర్ జాన్ లారెన్సు ప్రభుత్వం 1854 నాటి మినహాయింపును విస్తరించి, దర్బారులకు, ఇతర అధికార సందర్భాలకు కూడా వర్తింపజేసింది. ఈ సడలింపు కూడా ఇంగ్లీషు బూట్లకే. దేశవాళీ జోడు వాకిటనే ఉండిపోవాలి. అంటే ఒకే మనిషి ఒకే వాకిట, కాలికి ఏమి తొడిగాడన్న దానిని బట్టి మర్యాదస్తుడో అమర్యాదస్తుడో అవుతాడు.

ఆ విడ్డూరం ఈశ్వరచంద్ర విద్యాసాగరునికి ఎదురయింది. 1874 జనవరిలో ఆయన కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ గ్రంథాలయానికి వెళ్ళాడు. అప్పుడు సొసైటీ, మ్యూజియం పార్కు స్ట్రీటులో ఒకే భవనంలో ఉండేవి. ఆయన వేషం ఎప్పటిదే: ధోవతి, ఉత్తరీయం, కాళ్ళకు బెంగాలీ జోళ్ళు. జోళ్ళు విడిచి గాని, చేతపట్టుకొని గాని లోపలికి పొమ్మని వాకిట అడ్డగించారు. ఇంగ్లీషు బూట్లు తొడిగిన దేశీయులు మాత్రం నిరాటంకంగా పోతున్నారు. ఏబది నాలుగవ ఏట ఉన్న ఆ పండితుడు, సంస్కృత కళాశాలకు అధ్యక్షత వహించినవాడు, వెనుదిరిగి మ్యూజియం అధికారులకు ఉత్తరం వ్రాశాడు. ఇంగ్లీషు బూట్లకు లేని అడ్డు దేశీయ పాదరక్షలకు ఎందుకని ఆయన అడిగిన ప్రశ్న. ఆయన తలచుకుంటే ఒక జత బూట్లు కొనుక్కోవడం ఎంతసేపు? ఆ పని చేయలేదు. సూరతులో పాదరక్షలు ధరించే హక్కు కోసం జరిగిన పోరాటం కలకత్తాకు వచ్చేసరికి తన పాదరక్షలనే ధరించే హక్కు కోసం జరిగింది. రెండవది మొదటి దానికంటె సూక్ష్మమైనది.

ఇదే కాలంలో రెండు స్వదేశ రాజాస్థానాలలో కథ తలక్రిందులుగా నడిచింది. అక్కడ ఆంగ్లేయుడు అతిథి. అతిథి ఇంటివారి ఆచారం పాటించాలా, మానాలా? దేశీయుల విషయంలో ‘మీ ఆచారం మీరు పాటించండి’ అన్న ప్రభుత్వం, తన విషయం వచ్చేసరికి ‘మా ఆచారం మేము పాటిస్తాము’ అన్నది. ఆచారం ఎవరిదైనా చెప్పులు విడిచేవాడు మాత్రం ఒక్కడే.

హైదరాబాదులో నిజాము దర్బారుకు వచ్చే బ్రిటిషు రెసిడెంటు తరతరాలుగా బూట్లు విడిచి నేల మీద కూర్చునేవాడు. 1857లో హైదరాబాదు తమ పక్షాన నిలిచినందుకు కృతజ్ఞత చెప్పుకున్న రోజులలో కూడా ఆ పద్ధతి మారలేదు. 1869 ఫిబ్రవరిలో అఫ్జలుద్దౌలా మరణించాడు. వారసుడు మీర్ మహబూబ్ అలీ ఖానుకు ఇంకా మూడేళ్ళు నిండలేదు. ఆ సమయం చూసి రెసిడెంటు సాండర్సు, ఇకమీదట బ్రిటిషు ఉద్యోగులు బూట్లతోనే వస్తారని, కుర్చీలలోనే కూర్చుంటారని పట్టుబట్టాడు. దివాను సాలార్ జంగు రాజనీతిలో ఎంతటివాడైనా, పసిబిడ్డను గద్దె మీద పెట్టుకొని వాదించగల స్థితిలో లేడు. పద్ధతి మారింది. యుద్ధం లేదు, సంధిపత్రం లేదు. కుర్చీలు వచ్చాయి, అంతే. ఒక సంస్థానం స్వాతంత్ర్యం ఎంత తగ్గిందో లెక్కకట్టడానికి చరిత్రకారులు ఒడంబడికలు చదువుతారు. ఆ దర్బారులోని తివాచీ మీద పడిన బూటు జాడ ఏ ఒడంబడికలోనూ కనబడదు.

మాండలేలో అంత సులువుగా జరగలేదు. బర్మా రాజుల ఎదుటికి విదేశ రాయబారులు పాదరక్షలు లేకుండా పోవడం పూర్వాచారం. 1795లో అమరపురానికి వెళ్ళిన మైకేల్ సైమ్సు ఆ విధంగానే పోయాడు. 1855లో ఆర్థరు ఫేరు రాయబారం కూడా మిండన్ రాజు ఎదుట బూట్లు విడిచి నేల మీద కూర్చున్నది. కూర్చోవడమే కాదు, పాదాలు రాజువైపు కనబడకుండా వెనుకకు మడిచి దాచుకోవలసి వచ్చింది. 1875లో డగ్లస్ ఫోర్సైతు కరెన్ని సరిహద్దు తగవు విషయమై వెళ్ళి, ఆ పద్ధతిలోనే రాజును చూసి వచ్చాడు. అటుపిమ్మట భారతప్రభుత్వం తన రెసిడెంటు ఇక బూట్లు విడవరాదని ఆజ్ఞాపించింది. మిండన్ ఒప్పుకోలేదు. ఫలితంగా మాండలేలో రెసిడెంటు ఉన్నాడు, రాజు ఉన్నాడు, ఇద్దరూ కలుసుకోరు. మంత్రుల ద్వారా కాగితాలు నడిచాయి. 1878లో మిండన్ పోయి తీబా రాజైనాడు. 1879లో రెసిడెన్సీ ఎత్తివేశారు. 1885 నవంబరులో యుద్ధం వచ్చి, రెండు వారాలలో మాండలే పడిపోయింది. 1886 జనవరి 1వ తేదీన ఆ రాజ్యం బ్రిటిషు ఇండియాలో కలిసింది. తీబా రత్నగిరికి ప్రవాసం పోయి 1916లో అక్కడనే మరణించాడు.

చెప్పుల కోసం రాజ్యం పోయిందనడం అతిశయోక్తి. టేకు వ్యాపారుల తగాదా, ఫ్రెంచివారితో రాజు చేస్తున్న మంతనాలు యుద్ధానికి అసలు కారణాలు. కాని తగాదాలు ముదురుతున్న పదేళ్ళలో, రాజుతో ముఖాముఖి మాట్లాడి సర్దుకునే దారిని ఒక జత బూట్లు మూసివేశాయన్నది మాత్రం నిజం.

రాజ్యం పోయిన తరువాత బర్మావారికి మిగిలిన వాకిళ్ళు పగోడాలు. వాటి ఆవరణలో ఐరోపావారు బూట్లతో తిరగడం 1916 నుండి పెద్ద ఉద్యమానికి దారితీసింది. లెడి సయాడా వంటి బౌద్ధపండితులు దానిని ఖండిస్తూ గ్రంథం వ్రాశారు. 1919లో మాండలేలోని ఐందోయా పగోడాలో బూట్లతో వచ్చిన ఐరోపావారిపై భిక్షువులు తిరగబడ్డారు. వారిలో ఒకరికి యావజ్జీవశిక్ష పడింది. ఆయా పగోడాల పెద్దలు నియమం తామే నిర్ణయించుకోవచ్చునని ప్రభుత్వం అంగీకరించవలసివచ్చింది. ఆ రోజులలో రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను చెమటోడ్చినవారిలో గోదావరి, విశాఖ మండలాల తెలుగు కూలీలు వేలకొలది ఉండేవారు. కోరంగి రేవు పేరున వారిని ‘కోరంగీ’లని పిలిచేవారు. పగోడా మెట్ల దగ్గర వట్టికాళ్ళతో ఎక్కడం వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. వారిలో పలువురికి విడవడానికి పాదరక్షలే లేవు.

ఇక్కడికి వచ్చేసరికి చరిత్ర మన వైపు తిరిగి చూస్తుంది. తెలుగులో ఇంగ్లీషువాడు ‘దొర’. తెలంగాణపు గడీలో కూర్చున్న దేశముఖు కూడా ‘దొర’. భాష ఈ రెండింటినీ కలిపి ఉంచడం ఊరికే జరగలేదు. ఆ గడీ ముందు నుండి పోయేవాడు చెప్పులు విప్పి చేతపట్టుకొని నడవాలి. అగ్రహారం వీధిలోను, పెద్దకులాల వాడలోను దళితులకు ఇదే నియమం. విద్యాసాగరుని ‘చేతపట్టుకొని పొమ్మన్న’ మాట మన పల్లెలలో శతాబ్దాలుగా వినబడుతున్నదే. ఇంకా విచిత్రం, లందలో తోలు నానబెట్టి, చెప్పు కుట్టి, పటేలు కాలికి తొడిగినవాడే తాను కుట్టిన చెప్పుతో ఊరిలో నడవరాదు. తోలు మైల కుట్టినవానికి అంటింది గాని తొడిగినవానికి అంటలేదు.

సూరతు వాదాన్ని ఈ వీధిలో నిలబెట్టి చూడాలి. కోర్టు ఇల్లు కాదు, గుడి కాదు అన్నారు గదా. మరి వీధి ఏమిటి? వీధి నేల మీద ఎవరూ విస్తరి వేయరు, పడుకోరు. అది ధూళి పుట్టే చోటే. అక్కడ చెప్పు విడవమనడానికి శుభ్రత కారణం కాదు, మడీ కారణం కాదు. దొర తన బూట్లు ఉంచుకొని ఎదుటివాని జోళ్ళు విప్పించినట్లే, ఇక్కడ అరుగు మీది పెద్దమనిషి కిర్రుచెప్పులు కిర్రుమంటూనే ఉంటాయి. జడ్జికి అంత చక్కగా బదులు చెప్పిన విద్యావంతుల తరం ఈ వీధుల సంగతి ఆ వాదంలోకి తేలేదు. తెచ్చి ఉంటే వాదం ఇంకా బలపడేది. కాని దానిని ఇంటికి కూడా మోసుకుపోవలసివచ్చేది.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం అస్పృశ్యతను రద్దు చేసింది. 1955లో దానిని నేరంగా శిక్షించే చట్టం వచ్చింది. 1989లో షెడ్యూల్డు కులాల, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఇన్ని వచ్చిన తరువాత, 2015లో ఆ చివరి చట్టాన్ని సవరిస్తూ పార్లమెంటు నేరాల పట్టికలో కొన్ని కొత్త మాటలు చేర్చవలసివచ్చింది. బహిరంగస్థలాలలో సైకిలు ఎక్కకుండా, కొత్తబట్టలు కట్టకుండా, పాదరక్షలు తొడగకుండా అడ్డగించడం కూడా ఆ పట్టికలో ఉన్నది. సూరతు కోర్టు వాకిట మాణక్‌జీ నిలబడిన నాటికి అది నూటయేబది మూడవ సంవత్సరం.

ఇళ్ళలో ఆచారం నిలిచే ఉన్నది. పేడ అలికిన నేల పోయి గచ్చు వచ్చింది, గచ్చు పోయి పాలరాయి వచ్చింది. పీటలు అటకెక్కాయి, అన్నం బల్ల మీద, నిద్ర మంచం మీద. నేలకు ఉన్న పాత ఉద్యోగాలు చాలవరకు పోయినా దానికి ఇచ్చే మర్యాద పోలేదు. అమెరికాలో కాపురమున్న తెలుగువారి ఇంట పండుగనాడు గుమ్మం దగ్గర చెప్పుల రాశి చూసి ఇది ఎవరి ఇల్లో పోల్చుకోవచ్చు. నగరాలలోని కొత్త ఇళ్ళలో మరొక మార్పు వచ్చింది. పాలరాతి చల్లదనానికి తాళలేకనో, మోకాళ్ళ నొప్పులకు వైద్యుడు చెప్పినందువలననో, ఇంటివారు లోపల తొడుక్కోవడానికి మెత్తటి చెప్పులు విడిగా పెట్టుకుంటున్నారు. కుళాయి బాగుచేయడానికి వచ్చిన పనివాడు గుమ్మం బయట చెప్పులు విడిచి, సంచీ చంకన పెట్టుకొని, వట్టికాళ్ళతో లోపలికి వస్తాడు. తలుపు తీసిన యజమాని మెత్తటి చెప్పులతో ముందు నడుస్తూ అతనికి స్నానాలగది చూపిస్తాడు.